దేవుని సమయం కోసం ఓపికతో ఎదురుచూడడం ఎలా?

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం. దక్షిణ ఒడిశాలోని ఈ ఊళ్లలో ఏ తెలుగు క్రైస్తవ సంఘానికి వెళ్లినా ఉపవాస కూటంలో వచ్చే ప్రార్థన చీటీలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. పెళ్లయి ఏళ్లు గడిచినా సంతానం లేదని ఒకరు రాస్తారు. ప్రభుత్వ ఉద్యోగానికి వయసు దాటిపోతోందని ఒకరు, సూరత్‌కు మరమగ్గాల పనికి వెళ్లిన కొడుకు తాగుడు మానాలని ఒకరు, కూతురికి విశ్వాసుల ఇంటి సంబంధం కుదరాలని మరొకరు. వారందరికీ మనం చెప్పే మాట దాదాపు ఒక్కటే: "దేవుని సమయం రావాలి, ఓపిక పట్టండి." ఆ మాట వాక్యానుసారమే. కానీ సోమవారం ఉదయం లేచి ఆ ఓపికతో ఏమి చేయాలో చెప్పకపోతే, విన్న మనిషి తన బాధతో ఒంటరిగా మిగిలిపోతాడు.

అందుకే ఇక్కడ చేయవలసిన పనులే రాస్తున్నాను. వరుసగా చేయడం మంచిది. అయితే మీ ఇంట్లో హింస గానీ, వైద్యం అందని జబ్బు గానీ ఉంటే ముందుగా నాలుగో భాగం చదవండి.

1. అడుగుతున్నది కాగితం మీద పెట్టండి

ఒక నోటు పుస్తకం తీసుకోండి. మీరు దేని కోసం ఎదురుచూస్తున్నారో ఒక్క వాక్యంలో రాయండి. "దేవుడు నన్ను దీవించాలి" అని రాస్తే ప్రయోజనం లేదు. "వచ్చే ఏడాదిలోపు టీచరు ఉద్యోగం రావాలి" అని మనసులో ఉంటే, ఆ గడువుతో సహా అదే రాయండి. దాని కింద ఈ ప్రశ్న వేసుకోండి: ఇది దేవుడు తన వాక్యంలో విశ్వాసులందరికీ ఇచ్చిన వాగ్దానమా, లేక నా కోరికా?

కోరిక ఉండడం పాపం కాదు. హన్నా కొడుకును కోరుకుంది, ఏడ్చి మరీ అడిగింది. అయినా ఈ రెండింటినీ విడదీసి చూసుకోవాలి. నిన్ను విడువను, ఎడబాయను అన్నది (హెబ్రీయులకు 13:5) వాగ్దానం. జ్ఞానం కొదువగా ఉన్నవాడు అడిగితే దేవుడు ధారాళంగా ఇస్తాడన్నది (యాకోబు 1:5) వాగ్దానం. ఫలానా నెలలో ఫలానా ఉద్యోగం అన్నది బైబిల్లో ఎక్కడా లేదు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనం తీసుకునే వాగ్దాన కార్డు గురించి కూడా చెప్పాలి. ఒక వచనాన్ని ఏడాదంతా ధ్యానించడం చక్కటి అలవాటు. కానీ కార్డులో గొడ్రాలిని పాడమనే యెషయా 54:1 వచ్చింది కాబట్టి ఈ ఏడాదే బిడ్డ పుడుతుందని లెక్క కట్టకండి. ఆ మాట మొదట చెరలో కుమిలిపోతున్న యెరూషలేముకు చెప్పినది. అలాగే రాబోయే కాలానికి నిరీక్షణ ఇస్తుందని మనం గోడకు తగిలించుకునే యిర్మీయా 29:11కు ముందున్న పదో వచనం చదవండి. డెబ్బై సంవత్సరాలు గడిచిన తరువాత అని అక్కడే ఉంది. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలోనే అంతా సర్దుకుంటుందని ప్రకటించాడు. వినేవారికి ఆ మాటే తియ్యగా ఉండి ఉంటుంది. దేవుడు పంపిన మాట మాత్రం అది కాదు.

మన ఊళ్లకు సభలకు వచ్చి "మూడు నెలల్లో నీకు గర్భఫలం" అని తేదీ చెప్పి, వెంటనే కానుక అడిగేవారిని నమ్మకండి. గడువు దాటేసరికి ఆ ప్రసంగీకుడు వేరే ఊళ్లో ఉంటాడు. "నీకు విశ్వాసం చాలలేదు" అన్న నింద మాత్రం ఆ ఇంటి కోడలి మీద ఉండిపోతుంది. ఇలాంటి ప్రవచనాలను సంఘంలో పరీక్షించకుండా వదలడం ఘోరమని నేను నమ్ముతున్నాను.

ఇప్పుడు మీరు రాసుకున్న గడువును దేవుని ఎదుట పైకి చదవండి. "ప్రభువా, ఈ తేదీ నేను పెట్టింది" అని ఒప్పుకుని, తేదీని మాత్రం కొట్టివేయండి. కోరికను కొట్టివేయనక్కరలేదు. నా కాలగతులు నీ వశంలో ఉన్నాయి అన్న కీర్తన 31:15ను దాని పక్కన రాసుకోండి.

2. మీ చేతిలో ఉన్న పనిని గుర్తించండి

అదే పేజీలో నిలువుగా గీత గీయండి. ఒకవైపు మీరు చేయగలిగినవి, రెండోవైపు దేవుడు తప్ప ఎవరూ చేయలేనివి రాయండి. ఎదురుచూపులో సగం అలసట ఈ రెండూ కలిసిపోవడం వల్లే వస్తుంది.

ఉద్యోగం సంగతే చూడండి. ఒడిశా ప్రభుత్వ నియామకాలకు మామూలుగా కనీసం మిడిల్ స్కూలు స్థాయిలో ఒడియా ఉత్తీర్ణత అడుగుతారు. సరిహద్దు దాటి శ్రీకాకుళం వైపు తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఒడియా పరీక్ష రాయకుండా, తహసీల్దారు కార్యాలయం నుంచి నివాస ధ్రువపత్రం తెచ్చుకోకుండా, శుక్రవారం శుక్రవారం ఉపవాసం ఉండి తలుపులు తెరవమని అడిగితే, తెరవవలసిన మొదటి తలుపు మన చేతిలోనే ఉంది. పరీక్షకు చదవడం మీ పని. ఎంపిక జాబితా మీ పని కాదు.

సంతానం విషయంలో ఈ గీత ఇంకా ముఖ్యం. ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే, భార్య వయసు 35 దాటి ఉంటే ఆరు నెలలకే, వైద్యులను కలవాలి. ఇద్దరూ పరీక్షలు చేయించుకోవాలి. మన ఇళ్లలో కోడలిని ఒక్కదాన్నే ఆసుపత్రికి, ప్రార్థనకు తిప్పుతారు. కొడుకు పరీక్షకు రాడు. లోపం పురుషుడిలోనూ ఉండవచ్చు. భర్త వెళ్లి పరీక్ష చేయించుకోవడం ఆ ఇంట్లో విశ్వాసపు పనే.

3. ఫిర్యాదును దేవునికే చెప్పండి

ఓపిక అంటే నోరు మూసుకోవడమని మనకు ఎవరు నేర్పారో గానీ, బైబిలు నేర్పలేదు. పదమూడో కీర్తన తెరవండి. ఆరు వచనాలే. దావీదు మొదటి రెండు వచనాలలోనే ఇంకా ఎంతకాలం అన్న ప్రశ్నను నాలుగుసార్లు అడుగుతాడు. నన్ను మరచిపోతావా అంటాడు, ముఖం తిప్పుకుంటావా అంటాడు. ఆ ప్రార్థనను దేవుడు తన గ్రంథంలో నుంచి తీసివేయలేదు, మనం పాడుకోవాలని ఉంచాడు.

దాన్ని ఇలా ప్రార్థించండి. ఇంట్లో అందరూ పడుకున్నాకో, కట్టెలకో నీళ్లకో ఒంటరిగా వెళ్లేటప్పుడో, పదిహేను నిమిషాలు చాలు. మొదటి రెండు వచనాలు చదివి, అదే తీరుగా మీ ఫిర్యాదును మీ మాటలలో చెప్పండి. "ప్రభువా, మా చెల్లెలికి ఇద్దరు పిల్లలు, నాకు ఇంకా ఎంతకాలం?" అసూయ ఉంటే అదీ చెప్పండి, ఆయనకు ఎలాగూ తెలుసు. తరువాత మూడు, నాలుగు వచనాలు చదివి, కావలసినది సూటిగా అడగండి. చివరి రెండు వచనాలలో దావీదు దేవుని కృపను నమ్ముకున్నానని చెప్పి పాడతాడు. గమనించండి, అప్పటికి అతని పరిస్థితి మారినట్టు ఆ కీర్తనలో ఎక్కడా లేదు.

ఆ చివరి రెండు వచనాలు మీ నోటికి రాని రోజులు ఉంటాయి. అప్పుడు 88వ కీర్తన చదవండి. అది చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది. అలాంటి రాత్రి పూట ఆమెన్ అని పడుకోవడం కూడా ప్రార్థనే. దేవునితో మాట్లాడడం మానకపోవడమే ఆ రాత్రి మీరు చేయగలిగిన విశ్వాసం.

హన్నాను చూడండి. ఆమె పెదవులు మాత్రమే కదులుతుంటే ఏలీ మత్తులో ఉందనుకున్నాడు. యాజకుడే అపార్థం చేసుకున్నా ఆమె లేచి వెళ్లిపోలేదు, తన మనోదుఃఖం చెప్పుకుంది. ఆ తరువాత వెళ్లి భోజనం చేసింది, ఆమె ముఖంలో దుఃఖం తొలగిపోయింది (1 సమూయేలు 1:18). అప్పటికి ఆమె గర్భవతి కాదు. కాబట్టి ఫిర్యాదు చెప్పుకున్న తరువాత ఏదైనా తినండి. చిన్న సూచనలా కనబడుతుంది గానీ, బాధతో ఉపవాసం మీద ఉపవాసం చేసి రక్తహీనతతో ఆసుపత్రి పాలైన వారున్న చోట ఇది చెప్పి తీరాలి.

4. ఓపిక పట్టకూడని చోట

దేవుని సమయం అన్న మాటను ఎక్కడ వాడకూడదో తెలియాలి. భర్త చేతిలో దెబ్బలు తింటున్న స్త్రీతో "ప్రార్థించు తల్లీ, ఆయన మారతాడు" అని అదే ఇంటికి తిరిగి పంపడం ఆమెకు ఓపిక నేర్పడం కాదు. దావీదు సింహాసనం కోసం ఏళ్ల తరబడి ఓపిక పట్టాడు. రాజైన సౌలు ఈటె విసిరినప్పుడు మాత్రం తప్పించుకుని ఆ రాత్రే పారిపోయాడు (1 సమూయేలు 19:10). సురక్షితమైన చోటికి వెళ్లండి, నమ్మదగిన ఒకరికి చెప్పండి. మహిళల సహాయానికి 181, అత్యవసరానికి 112 నంబర్లు ఉన్నాయి. భర్త మారాలని ప్రార్థన అక్కడి నుంచే చేయవచ్చు.

జబ్బు విషయమూ అంతే. మన కొండ ప్రాంతాలలో మలేరియా ఉంది. చలితో జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించాలి. క్షయకు మందులు నెలల తరబడి వాడాలి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. ప్రార్థన చేయించుకున్నాక తగ్గినట్టుంది కదా అని మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది. జబ్బుపడిన హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. అదే సమయంలో యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు (2 రాజులు 20:5-7). గజపతి జిల్లా సెరంగోలో కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు సువార్తతో పాటు ఆసుపత్రి కూడా నెలకొల్పారు. ప్రార్థనకూ మందుకూ పోటీ ఉందని వారు అనుకోలేదు.

5. అడ్డదారిని ముందే గుర్తుపట్టండి

ఎదురుచూపు మొదలైన నాడు ఎవరూ అడ్డదారి తొక్కరు. చివరికొచ్చేసరికి తొక్కుతారు. సౌలు గిల్గాలులో సమూయేలు ప్రవక్త కోసం ఏడు రోజులూ ఆగాడు. జనం చెదిరిపోతున్నారన్న భయంతో తానే దహనబలి అర్పించాడు. అర్పించడం పూర్తవుతుండగానే సమూయేలు వచ్చాడు (1 సమూయేలు 13:8-10).

అబ్రాహాము హారాను నుంచి బయలుదేరినప్పుడు అతనికి 75 ఏళ్లు. ఇష్మాయేలు పుట్టేసరికి 86, ఇస్సాకు పుట్టేసరికి 100. ఆ మధ్యలో తన దాసి హాగరు ద్వారా బిడ్డను పొందుదామని భార్య శారా చూపిన దారి ఆ కాలపు ఆచారంలో తప్పేమీ కాదు, అందరూ చేసేదే. దాని ఖరీదు చెల్లించింది మాత్రం హాగరు. రొట్టె, నీళ్ల తిత్తి భుజాన పెట్టించుకుని కొడుకుతో ఎడారిలోకి వెళ్లింది.

ఒక దారి తెరుచుకున్నట్టు కనబడినప్పుడు, అది దేవుడు తెరిచినదా కాదా అని తేల్చుకోవడానికి ఇవి అడగండి. ఇందులో ఎక్కడైనా అబద్ధం చెప్పాలా? మన తొందర ఖరీదు ఇంకొకరు చెల్లించాలా? దీన్ని ఆదివారం సంఘం ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పగలనా? ఉద్యోగం ఇప్పిస్తానని లక్షలు అడిగే దళారి మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతాడు. తాగుడు అలవాటు దాచి కొడుక్కి సంబంధం కుదర్చడం రెండో ప్రశ్న దగ్గర ఆగుతుంది. అక్కడ హాగరు స్థానంలో ఎవరి కూతురు ఉంటుందో ఆలోచించండి. ఆలస్యమైనా ఫరవాలేదు, ఈ మూడింటినీ దాటని దారిలోకి వెళ్లకండి.

6. ఈ రోజు పని చేయండి

యిర్మీయా 29లో బబులోను చెరలో ఉన్నవారికి దేవుడు చెప్పింది ఏమిటి? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలం తినండి, ఆ పట్టణం క్షేమం కోరి ప్రార్థించండి. వెళ్లిపోయే రోజు కోసం మూట కట్టుకుని కూర్చోమనలేదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలోనూ గజపతి జిల్లాలోనూ జీడితోటలు పడిపోయాయి. మళ్లీ నాటినవారికి తెలుసు: అంటు మొక్క మూడో ఏడు నుంచి కాపుకొస్తుంది, నిండుగా కాయడానికి ఎనిమిది, పదేళ్లు పడుతుంది. అంతకన్నా కష్టమైనది ఇంకొకటి ఉంది. మొదటి రెండేళ్లలో వచ్చిన పూతను రైతు తన చేత్తోనే తుంచివేయాలి. లేకపోతే మొక్క కట్టు గట్టిపడదు. రైతు తొలకరి, కడవరి వానల కోసం కనిపెట్టినట్టు ఓపిక కలిగి ఉండమని యాకోబు రాసినప్పుడు (5:7), పొలం గట్టు మీద కూర్చున్నవాడిని కాదు, ఇలా పని చేస్తున్నవాడిని చూపిస్తున్నాడు. మీ జీవితంలో ఆశ పుట్టించి రాలిపోయిన సంబంధమో, చివరి జాబితాలో తప్పిపోయిన ఉద్యోగమో ఉంటే, దాన్ని దేవుని కోపమని వెంటనే పేరు పెట్టకండి.

యోసేపు చెరసాలలో చేసిన ఒక పని నాకు చాలా ఇష్టం. పొద్దున్నే లోపలికి వచ్చి, తనతో ఉన్న ఇద్దరు ఖైదీల ముఖాలు చూసి, ఈ రోజు ఎందుకు చిన్నబోయి ఉన్నారు అని అడిగాడు (ఆదికాండము 40:6-7). తనకే అన్యాయం జరిగినవాడు ఇతరుల ముఖాలు చూడగలిగాడు. అతడు ఫరో ఎదుటికి చేరిన దారి ఆ పలకరింపు దగ్గరే మొదలైంది, మధ్యలో ఆ ఖైదీలలో ఒకడైన పానదాయకుల అధిపతి అతణ్ని మరచిపోయిన రెండేళ్లతో సహా. వారానికి ఒక్కసారైనా మీ ప్రార్థన మనవి గురించి మాట్లాడకుండా మరొకరి ఇంటికి వెళ్లి వారి సంగతి అడగండి. సండే స్కూలుకు టీచరు కావాలంటే ఒప్పుకోండి. జీవితం జవాబు వచ్చాక మొదలవుతుందని అనుకోకండి.

7. సంఘంగా మనం మార్చుకోవలసినవి

"ఏమైనా విశేషమా?" అని అడగడం మానండి. పెళ్లి కాని అమ్మాయిని పెళ్లి భోజనాల దగ్గర "తరువాత నువ్వే" అనడం మానండి. యోబు స్నేహితులు ఏడు రోజులు నేల మీద అతనితో ఏమీ మాట్లాడకుండా కూర్చున్నారు (యోబు 2:13). వారు చేసిన మంచి పని అదొక్కటే. తరువాత నోరు తెరిచి పాడుచేశారు.

సాక్ష్యాల సమయంలో జవాబు వచ్చినవారే లేస్తారు. ఇంకా రానివారికి కూడా లేచి, "ఇంకా అడుగుతున్నాను, ఇంకా నమ్ముతున్నాను" అని చెప్పే చోటు ఇవ్వమని మీ పాస్టరు గారిని అడగండి.

8. జవాబు రాకపోతే, వస్తే

కొన్నిటికి కాదు అన్నదే జవాబు. పౌలు తన శరీరంలో ముల్లు అని పిలిచిన బాధను తీసివేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు ఉండిపోయింది, దేవుడు కృప ఇచ్చాడు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలోని విశ్వాసవీరులు వాగ్దానఫలం అందుకోకుండానే మరణించారని 13, 39 వచనాలు దాచకుండా చెబుతున్నాయి.

మన తెలుగు సంఘ చరిత్రలోనూ ఇది ఉంది. శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా విశ్వాసులు కొద్దిమందే. ఆ పని ఆపేద్దామా అని అమెరికాలో పంపినవారు పదే పదే చర్చించారు. డే ఆరోగ్యం చెడి 1853లో తిరిగి వెళ్లిపోయాడు. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జువెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండ మీద ప్రార్థించారు. ఇప్పుడు దాన్ని ప్రార్థన కొండ అంటారు. ఆ తరువాత వచ్చిన జాన్ క్లౌ 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. అప్పుడు బాప్తిస్మం అడిగినవారు ఎందరో. అన్నం కోసం వస్తున్నారేమో అని ఆయన కరువు సాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. డే అప్పటికి చనిపోయాడు. ఆయన పని వ్యర్థమని ఇప్పుడు ఎవరూ అనరు, కానీ ఆయన కళ్లతో చూసినది ఆ కొద్దిమందినే.

మీ కోరికకు కాదు అన్న జవాబు స్పష్టమైతే, దాన్ని దుఃఖంగానే గుర్తించి ఏడవండి. పాస్టరు గారిని, దగ్గరి ఇద్దరు ముగ్గురిని పిలిచి ఇంట్లో ప్రార్థన పెట్టుకోండి. నోటు పుస్తకంలో ఆ తేదీ రాయండి. రేపటి నుంచి ఆ పేజీలో వేరే మనవి రాయవచ్చు.

జవాబు వస్తే సాక్ష్యం చెప్పండి, కానీ నిజాయితీగా చెప్పండి. ఎన్నేళ్లు పట్టిందో, మధ్యలో ఎప్పుడు ప్రార్థన మానేశారో, ఏ వైద్యం చేయించుకున్నారో దాచకండి. "నేను గట్టిగా నమ్మాను కాబట్టి వచ్చింది" అనకండి. మీకన్నా గట్టిగా నమ్మి ఇంకా ఎదురుచూస్తున్నవారు అదే మందిరంలో కూర్చుని ఉంటారు. కృతజ్ఞత కానుక ఇచ్చేటప్పుడు, పరీక్షల ఖర్చుకో ఫీజుకో డబ్బు లేక ఆగిపోయిన మరో కుటుంబానికి అందులో కొంత చేర్చమని పాస్టరు గారితో విడిగా మాట్లాడండి. ఇచ్చినవారి పేరు, పుచ్చుకున్నవారి పేరు ప్రకటనలలో చదవవద్దని ముందే చెప్పండి.